అత్తగారికి రెండేళ్ల గ్యారంటీ

ఆ ఉదయం కంగారు వేసుకున్న పథకం చిన్నదే. కొత్త మిక్సీతో ఇచ్చే వాడకం పుస్తకాన్ని అచ్చుకు ముందు యజమానురాలికి పంపడం, సాయంత్రం ఉద్యోగం ఖాయం చేసే కాగితం అందుకోవడం. ఆఫీసులో అందరూ అతన్ని కంగారు అనే పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకే గుర్తు.

ఆ పుస్తకాలన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కంప్యూటరు ఫైళ్ల ముక్కల అతుకులే. జాగ్రత్తలు, గ్యారంటీ లాంటి పేజీలు అన్ని యంత్రాలకూ ఒకటే. ఏ పుస్తకం వాటిని వాడుకుంటే అది తన యంత్రం పేరును పారామీటరుగా, అంటే ఖాళీలో నింపే మాటగా, వాటి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే తమ దగ్గర ముందే ఉన్న పేరే వేసేసుకుంటాయి. పరీక్షించి చూసిన రోజున, ఇంటికి అత్తగారు వస్తున్నారన్న బెంగలో కంగారు ఆ పేరు చోట "అత్తగారు" అని కొట్టి, తీయడం మరిచాడు.

పుస్తకం వెళ్లిన కాసేపటికే మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు. యజమానురాలు ఆయనకు స్వయానా పిల్లనిచ్చిన అత్తగారు.

"ఏం పంపావయ్యా? 'అత్తగారిని తడిచేతులతో తాకరాదు. అత్తగారి నుంచి వింత శబ్దాలు వస్తే వెంటనే ఆపేయండి.' నేనే రాయించాననుకుంటారు! నా కొంప మునిగింది!"

కంగారు ఉద్యోగం పోయినట్టే. హడావిడిగా పుస్తకం పై ఫైలులో "మిక్సీ" అని పెట్టి, ఇందాక మరిచిన గ్యారంటీ పేజీ కూడా తగిలించి, చూడకుండానే మళ్లీ పంపేశాడు. పై ఫైలుకూ ఆ పేజీలకూ నడుమ ఇంకో ఫైలుంది. అది పేరు అందుకుందే గానీ కిందికి ఇవ్వలేదు.

"ఇప్పుడు అత్తగారికి రెండేళ్ల గ్యారంటీ కూడా ఇచ్చావు!" మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో యజమానురాలు కాగితాలతో లోపలికి వచ్చారు. "ఎవరి పని ఇది?"

"వీడిదే అత్తయ్యగారూ! నాకేం తెలీదు!"

"నాదేనమ్మా," అన్నాడు కంగారు. "పేరు మధ్యలో ఆగిపోయింది. క్షమించండి."

"జాగ్రత్తల పేజీ నేనెప్పుడూ చదవను," అన్నారామె. "ఇవాళ నా గురించేమోనని ముక్క వదలకుండా చదివాను. 'కడిగేటప్పుడు అత్తగారి ప్లగ్గు తీయనక్కర్లేదు' అట! మిక్సీ అని ఉంటే నా కంట పడేదా? అచ్చయి ఉంటే ఎవరి ప్రాణమో పోయేది. ఈ జాగ్రత్తలు రాసిందెవరు?"

రాసింది మేనేజరే. ఆయన చూపు నేల మీదకు దిగడం ఆమె చూశారు.

కంగారు ఉద్యోగం కాగితం మీద అక్కడికక్కడే సంతకం పడింది. ఆమె వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"అల్లుడుగారూ, నాకు రెండేళ్ల గ్యారంటీ అయినా ఉంది. మీకు అదీ లేదు."