గాలి ఎక్కడికి పోతోంది?

పదకొండు గంటలకు తిరుప్పూరు నుంచి నూలు కొనేవాళ్ళు వస్తారు, అంతలోపు మిల్లు అద్దంలా ఉండాలని మేనేజరు శివనాగరాజు పొద్దున ఎనిమిదింటికే నిశ్చయించాడు. చిలకలూరిపేట హైవే పక్కన మిల్లు అది. నేల కడిగించాడు, గుమ్మానికి బంతిపూలు కట్టించాడు. మనుషులనూ మరిచిపోలేదు. "ఎవరి జడలోనూ, చీర మీదా ఒక్క దూది పోగు కనపడకూడదు. నేనే నిలబడి చూస్తా" అంటూ నూలు చుట్టే హాల్లోకి వెళ్ళాడు.

ఆ హాల్లో యంత్రాలు తెగిన పోగును ముడి వేయకుండా గాలితోనే అతుకుతాయి. ఆ గాలి కాస్త దూరంగా ఉన్న గదిలోని కంప్రెసర్ నుంచి వస్తుంది. దాని గేజీలో ముల్లు ఏడు మీద ఉండాలి. ఆరు కిందికి దిగిందంటే యంత్రాలన్నీ ఎర్ర దీపాలు వెలిగించుకుని ఆగిపోతాయి. ఆ ముల్లుకు ఇరవై రెండేళ్ళుగా కాపలా గౌస్ బాషా. గదిని బయటి కాంట్రాక్టు కంపెనీకి అప్పగించి, బాషాను గేటు కాపలాకు మార్చాలని శివనాగరాజు ఆలోచన. "ఇవాళ వాళ్ళ ముందు యంత్రాలు ఆగాయో, రేపట్నుంచి నువ్వు గేటు దగ్గరే" అని తేల్చి చెప్పాడు కూడా.

తొమ్మిదిన్నరకు ముల్లు ఆరున్నరకు దిగింది. బాషా మోటారు ఆపి, గాలి పీల్చే ఫిల్టరు విప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. మళ్ళీ బిగించి మోటారు వేసేలోపే హాల్లో యంత్రాలు ఆగిపోయాయి. శివనాగరాజు పరుగెత్తుకొచ్చాడు. ఆయన గదిలోకి వచ్చేసరికి ముల్లు చకచకా పైకి లేస్తోంది.

"ఏంటి బాషా, నేనొచ్చిందాకా నిద్రపోతున్నావా?"

"లేదు సార్, ఫిల్టరు చూస్తున్నా."

"ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నావు!"

ఆయన వెళ్ళాడు. ముల్లు దిగింది. బాషా మళ్ళీ మోటారు ఆపి బెల్టు నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. మోటారు వేసేలోపే హాల్లో యంత్రాలు మళ్ళీ ఆగాయి. ఈసారి శివనాగరాజు కాంట్రాక్టు కంపెనీకి ఫోన్ చేసి, మిల్లు ఫిట్టరు జక్రయ్యను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. ముల్లు బుద్ధిగా ఏడు మీద నిలబడింది.

"ఎలక పైపు కొరికిందేమో సార్" అన్నాడు జక్రయ్య.

"ఇనప పైపుని కొరికే ఎలకేంట్రా?"

జక్రయ్య నొచ్చుకుని, గొట్టాల అతుకులన్నిటికీ సబ్బు నురగ పూశాడు. గాలి కారితే అక్కడ బుడగ లేవాలి. ఒక్కటీ లేవలేదు. నురగ మీద కాలు జారి తనే కూలబడ్డాడు. బాషా నవ్వలేదు. ముల్లు వంకా, మేనేజరు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"సార్, మరోలా అనుకోవద్దు. మీరు అటు పోగానే ప్రెజర్ పడిపోతోంది."

"అంటే? నా పాదం మంచిది కాదంటావా?"

"అయ్యో, మంచిదే సార్! మీరుంటే ముల్లు కదలట్లేదు. కాసేపు కూర్చోండి."

శివనాగరాజు పది నిమిషాలు స్టూలు మీద కూర్చున్నాడు. ముల్లు ఏడు మీదే ఉంది. "యంత్రానికి కూడా నేనంటే భయం" అని మురిసిపోయాడు గానీ, వచ్చేవాళ్ళు గంటలోపే వస్తారు కదా. లేచి వెళ్ళాడు. వెనకాలే బాషా కూడా నడిచాడు. అసలీ గాలి ఎక్కడికి పోతోందో అతనికి చూడాలనిపించింది.

హాల్లో యంత్రాలు దులపడానికి అదే కంప్రెసర్ గాలి వచ్చే గొట్టాలున్నాయి. వాటిని ఒంటి మీద వాడరాదని పెద్ద బోర్డు ఉంది. దాని మీది దూదిని కూడా గాలి గొట్టంతోనే దులుపుతారు. మేనేజరు గడపలో కనపడగానే ఆడవాళ్ళంతా పని వదిలి వరసకట్టారు. ఎనిమిది గొట్టాలు ఒక్కసారిగా బుస్సుమన్నాయి. జయకుమారి జడలోంచి లేచిన దూది వెనకావిడ చీర మీద వాలింది. ఆ చీర దులిపితే మళ్ళీ జయకుమారి జడ మీదికే వచ్చింది. ఈ లెక్కన వరస తరిగేది కాదు.

"బాషా బాబాయ్, నువ్వూ రా, దులుపుతా!" అని పిలిచింది జయకుమారి.

బాషా వెళ్ళి గొట్టాలకు గాలి వచ్చే వాల్వు తిప్పేశాడు. బుసలన్నీ ఆగిపోయాయి.

"ఏంటా పని?" అన్నాడు శివనాగరాజు.

"లీకు దొరికింది సార్. ఎనిమిది నోళ్ళు. మీరిక్కడ నిలబడితే తెరుచుకుంటాయి, నా గదికొస్తే మూసుకుంటాయి."

ఎవరో పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఈలోగా గేటు దగ్గర కారు ఆగింది.

వచ్చిన ఇద్దరూ నూలు పట్టుకుని అతుకు ఎక్కడుందో వేళ్ళతో తడిమారు. దొరకలేదు. సంతోషించారు. ఎవరి జడలో ఏముందో చూడలేదు. వాళ్ళున్న గంటన్నరా ఒక్క యంత్రం ఆగలేదు.

వాళ్ళు అటు వెళ్ళగానే కాంట్రాక్టు కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

"ఫిల్టరా సార్?"

"కాదు."

"బెల్టా? అతుకుల్లో లీకా?"

"కాదయ్యా."

"మరి లోపం ఎక్కడుంది సార్? చెబితే మనిషిని పంపుతాం."

శివనాగరాజు హాలు వంక ఒకసారి చూశాడు. "అది మీ కాంట్రాక్టు కిందికి రాదులే" అని పెట్టేశాడు.

ఇప్పుడు ముల్లు కాస్త దిగితే చాలు, గౌస్ బాషా, ముందుగా మేనేజరు గారు ఎక్కడ నిలబడ్డారో కనుక్కుని, ఆ తర్వాతే ఫిల్టరు విప్పుతున్నాడు.