గాలి తగిలిన సీసా

ఆదివారం పొద్దున బెంజమిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి పోవాలి. ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందు మొదలుకాగానే కడుపునొప్పి అని చెప్పి ఇంటికి రావాలి. భార్య ఎస్తేరు వచ్చేలోపు నరేష్ సార్‌కు మటన్ కూర వడ్డించి, ఆయన సీసా ఆయనకు అప్పజెప్పాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది ఎవరికైనా. బెంజమిన్‌కూ అట్లాగే అనిపించింది, పాపం.

నరేష్ సార్ మహబూబ్‌నగర్‌లో బెంజమిన్ పనిచేసే ఆఫీసుకు పెద్ద. ఈ మధ్యే ఇటలీ చూసొచ్చి, కియాంతి అనే ఎర్ర వైన్ సీసా ఒకటి తెచ్చుకున్నాడు. శనివారం సాయంత్రం బిరడా తీసి బెంజమిన్‌కు ఒక చెంచాడు పోశాడు.

"ఏం తెలుస్తాంది?"

"పులుపు సార్. ఒగరు సార్."

"పుల్లటి చెర్రీ పండు, జర తోలు, జర పొగాకు, చెక్క వాసన. గవన్నీ ఉన్నయి అండ్ల. ఉత్తగ తాగితే తెల్వది, కొవ్వున్న మటన్ తోడు పడాలె. మీ ఇంటామె మటన్ మస్తు చేస్తదట గదా? రేపు మధ్యాహ్నం మీ ఇంటికొస్త. అప్పటిదాక దీనికి గాలి తగలనియ్యి."

తోలు, పొగాకు వాసన వచ్చేదాన్ని మనిషి పైసలు పెట్టి ఎందుకు కొంటాడో బెంజమిన్‌కు అర్థం కాలేదు. సీసాకు గాలి ఎట్లా తగిలించాలో అసలే అర్థం కాలేదు. కానీ పెద్ద సారుకు లేదు, కాదు అని చెప్పడం అతని వంశంలోనే లేదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఎస్తేరు తాగుడు వస్తువును గడప దాటనీయదు. పైగా చర్చిలో ప్రభు భోజనానికి ద్రాక్షరసం కాచేది ఆమే. అత్త బిక్షమ్మ పోయేముందు చేయి పట్టుకొని మరీ అప్పగించిన పని అది. బంగారం ఇచ్చినా ఎస్తేరు అంత సంబరపడేది కాదు. ఆ పని ఎప్పుడు తన చేతికొస్తుందా అని పక్కవీధి మంజులత కాచుకొని కూర్చుంది.

అటువంటి ఇంట్లో ఎర్రటి నీళ్లను అనుమానం రాకుండా దాచే జాగా ఒక్కటే. బెంజమిన్ వైన్‌ను పాత షర్బత్ సీసాలోకి వంచి, ఎస్తేరు రసం పోసిపెట్టిన అటువంటి సీసా వెనకే ఫ్రిజ్‌లో నిలబెట్టాడు. తన తెలివికి తనే మురిసిపోయి నిద్రపోయాడు. ఆ తర్వాత ఎస్తేరు మటన్ గిన్నెకు చోటు చేయడానికి సీసాలు అటూ ఇటూ జరిపింది.

"ఏమయ్యో, ముందటున్న సీసా సంచిల పెట్టు!" అని పొద్దున ఆమె కేకేసింది. అతను ముందున్నదే పెట్టాడు.

చర్చిలో ప్రభు భోజనపు బుల్లి గిన్నె పెదవికి తగలగానే బెంజమిన్‌కు చెమట పట్టింది. ఆ చెంచాడు రుచి నాలుకకు ఇంకా గుర్తుంది. చుట్టూ కళ్లు మూసుకున్న ముఖాలన్నీ ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. డానియల్ పాస్టరుగారి ఆమేన్ దగ్గుతో కలిసి బయటికొచ్చింది. ఎస్తేరు తలెత్తలేదు.

ఆరాధన అయ్యాక మిగిలిన సీసాతో వరండాలో పంచాయితీ కూర్చుంది. లోపం ఎక్కడుందో తేలాలంటే మళ్లీ రుచి చూడక తప్పదు కదా.

"పచ్చి నేరేడుపండు కొరికినట్టుంది బిడ్డా," అన్నాడు పెద్దమనిషి జానయ్య. "ఎనక నుంచి నేను ఎన్నడో ఇడిసిపెట్టిన చుట్ట యాదికొస్తాంది."

"నాకైతే కొత్త చెప్పుల వాసనొస్తాంది," అంది మంజులత.

వడ్రంగి ఐలేశం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కాదు, తలుపు చెక్క. ఇప్పుడే చిత్రిక పట్టినట్టు."

బెంజమిన్‌కు కళ్లు తిరిగాయి. సారు మెచ్చుకుంటూ చెప్పినవే వీళ్లు తిడుతూ చెబుతున్నారు. ఒకటే సీసా, ఒకటే రుచి. ఇది బాగున్నట్టా, బాగలేనట్టా?

"అంగూర్లు పుచ్చినయో, గిన్నె కడగలేదో," మంజులత నిట్టూర్చింది. "వచ్చే నెల నేను కాస్తలే అక్కా. నువ్వు జర ఆరాం చెయ్యి."

ఎస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తమ్మ నమ్మి ఇచ్చింది. నా చేతిల పాడైపాయె," అంది. ఆ మాటతో బెంజమిన్‌కు నిజంగానే కడుపులో నొప్పి మొదలైంది. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, తప్పు ఎస్తేరుది కాదు..."

సరిగ్గా అప్పుడే బగారన్నం, మటన్ పళ్లాలు వచ్చాయి. ఆకలి మీదున్న జానయ్య పెద్ద కొవ్వు ముక్క నోట్లో వేసుకున్నాడు. కారం నెత్తికెక్కింది. నీళ్లనుకొని చేతికందిన గిన్నెడు రసం ఎత్తి గొంతులో పోసుకున్నాడు. పోసుకొని ఆగిపోయాడు.

"ఓర్నీ! ఒగరు ఏడ పాయె?" అన్నాడు. "మటన్ తిని తాగుండ్రి, నా మాటినుండ్రి!"

అందరూ తిని తాగారు. మంజులత రెండోసారి కూడా పోసుకుంది. ఇంటికి తాళం చూసి వెతుక్కుంటూ వచ్చిన నరేష్ సార్ అప్పుడే వరండా ఎక్కాడు. అతిథి కదా అని పాస్టరుగారు పళ్లెం, చివరి గిన్నెడు రసం ఆయన చేతికిచ్చారు. బెంజమిన్ స్తంభం పట్టుకున్నాడు.

సారు ముక్క నమిలి, ఒక గుటక వేసి, కళ్లు పెద్దవి చేశాడు. "చెర్రీ, తోలు, పొగాకు, చెక్క... అన్నీ ఉన్నయి! ఎవరు చేసిండ్రు దీన్ని?"

"మా ఎస్తేరమ్మ," అన్నారు పాస్టరుగారు గర్వంగా.

"దీనికోసం నేను ఇటలీ దాక పోయిన్నా? బెంజమిన్, ఆ సీసా నువ్వే ఉంచుకోవయ్యా!"

"వచ్చే నెల జిల్లా సభలకు కూడ గిదే రసం, ఎస్తేరమ్మా," పాస్టరుగారు తేల్చేశారు. "పెద్ద డేగిశ నిండ కాయాలె."

"కాస్త అయ్యగారూ," అంది ఎస్తేరు, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత మొగుడి చెవిలో అడిగింది, "ఈసారి అంగూర్లు ఏ దుకాణంల తెచ్చినవయ్యా? మళ్ల ఆన్నే తేవాలె."

సోమవారం పొద్దున బెంజమిన్ సారు గది తలుపు తట్టాడు. "సార్, ఇటలీకి మళ్ల ఎప్పుడు పోతరు?"

"నాకిగ ఇటలీ ఎందుకయ్యా," అన్నాడు నరేష్ సార్, "మీ ఇల్లుండంగ?"