వకుళమాల, అయిదో తరగతి, ఫస్టు

"ఆడపిల్లకు బడేందీ, బలపమేందీ?" అని నరసింహమ్మగారు అడగడం అది పదకొండోసారి. "హెడ్మాస్టరు కూతురు బడి మొగం చూడలేదంటే ఊరు నవ్వదా అత్తమ్మా?" అని సీతాలక్ష్మి అనడం పన్నెండోసారి. కోడలు ఒక మాట ఎక్కువ అన్నదని గ్రహించి అత్తగారు చారన్నంలో చెయ్యి ఆపేశారు.

"ఇద్దరూ ఊరుకోండి. వకుళ అయిదేండ్ల నుంచి బడిలోనే ఉంది. ఇప్పుడు అయిదో తరగతి. లెక్కల్లో తొంబై రెండు" అన్నారు హెడ్మాస్టరు లక్ష్మీనరసింహంగారు.

గడప దగ్గర అనుములు ఒలుస్తున్న తొమ్మిదేళ్ల వకుళమాల తన మార్కులు విని సంతోషించి, తొంబై రెండంటే ఎన్ని అనుములని నాయనమ్మను అడిగింది.

"చానా" అన్నారు నరసింహమ్మగారు.

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో ఉన్న ఆ బోర్డు పాఠశాలలో, నలభై మూడో సంవత్సరం నాటికి, ముప్పై ఎనిమిది మంది మగపిల్లలూ ఇరవై నలుగురు ఆడపిల్లలూ విద్యనభ్యసిస్తున్నారు. మగపిల్లలు వచ్చి అభ్యసించేవారు. ఆడపిల్లలు రాకుండా అభ్యసించేవారు. ఫలితాలు చూస్తే రెండో పద్ధతే మేలని తేలింది. మగపిల్లలు నూటికి నలభై మంది పాసైతే, ఆడపిల్లలు నూటికి నూరు మంది. బడికి వచ్చినవాడు ఎక్కం మరిచిపోతాడు, పలక పగలగొడతాడు, పక్కవాడి చెవి కొరుకుతాడు. రానివాళ్లలో ఈ దుర్గుణాలు ఒక్కటీ కనిపించలేదు. హాజరులోనూ వాళ్లే ముందు. బేతంచెర్లలో కాపురం చేసుకుంటూ ఇద్దరు బిడ్డల్ని ఎత్తుకున్న ఒక విద్యార్థిని, మూడో తరగతిలో మంచి దస్తూరికి పేరు తెచ్చుకుంది.

ఇటువంటి సమయంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు నంద్యాల నుంచి బొగ్గుతో నడిచే బస్సులో ఆళ్లగడ్డకూ, అక్కడి నుంచి ఎద్దులబండిలో ఆ ఊరికీ వేంచేస్తున్నారని కబురొచ్చింది. ఊరంతా విద్యాభిమానంతో కదిలింది. తనిఖీనాడు ఆడపిల్లల్ని బడికి ఎరువివ్వడం అక్కడి ఆచారం. పెండ్లికి గుండిగలు ఇచ్చినట్టే ఇచ్చేవారు, సొట్ట పడకుండా తిరిగి తీసుకునేవారు.

చిక్కల్లా కులాల పట్టీతోనే. రిజిస్టరు ప్రకారం ముస్లిం బాలికలు ముగ్గురు. ఊళ్లో ఉన్న ఒక్క సాయిబుగారికి నలుగురూ మగపిల్లలే. అందువల్ల రెడ్ల పిల్లలు ముగ్గురు ఆ పూటకు సాయిబుల పిల్లలయ్యారు. కోమట్ల పిల్ల ఒకతె హరిజన గడి నింపింది. ఆ సంగతి ఇంట్లో చెప్పవద్దని ఆమెకు బెల్లంముక్క ఇచ్చారు. ఏడాది పొడుగునా వసారాలో కూర్చునే హరిజన మగపిల్లలు ఆ రోజు లోపల కూర్చున్నారు. సాయంకాలానికల్లా ఎవరి కులంలోకి వాళ్లు, ఎవరి వసారాలోకి వాళ్లు క్షేమంగా చేరుకున్నారు.

ఊరందరి పిల్లలూ వచ్చారుగాని వకుళ రాలేదు. తొమ్మిదేండ్ల పిల్ల మగోళ్ల ముందర నిలబడేది లేదని నరసింహమ్మగారు తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నారు. సహాయోపాధ్యాయుడు ఆనందరావు ఆదుకున్నాడు.

"నా కూతురు జీవమ్మకు ఇంట్లో నేనే చెప్తాండా సార్. పాప బాగా చదువుతాది. ఒక పూట మీ పాప పేరు పెట్టుకుంటే ఏం అరిగిపోతాది?"

కిరస్తానం పిల్లకు మనవరాలి పేరా అని నరసింహమ్మగారు కొంచెంసేపు ఆలోచించి, "పేరేగదా, తీసుకోనీ. పేరుకు మైల లేదు" అని శాస్త్రం తేల్చారు.

జీవమ్మ గడగడా చదివింది. పదమూడో ఎక్కం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చెప్పింది. నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో 'వకుళమాల' అని రాసింది. ఇన్‌స్పెక్టరుగారు లేచి తలపాగా సర్దుకున్నారు.

"మహాజనులారా! స్త్రీ విద్యయందు ఈ గ్రామం తాలూకాకే తలమానికం! సకల కులముల బాలికలు సోదరీభావంతో ఒకే చాప మీద కూర్చున్న ఈ దృశ్యం నేను మరువజాలను! ఈ చిరంజీవి వకుళమాల అయిదో తరగతిలో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలైనట్లు ఇందుమూలముగా ప్రకటించుచున్నాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. బడి పక్కనే ఉన్న ఇంటి కిటికీ ఊచలు పట్టుకుని వకుళ కూడా కొట్టింది. కొట్టి, లోపలికి పోయి, ఏడుపు మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరుగారి బండి కదిలి హెడ్మాస్టరుగారు ఇల్లు చేరేసరికీ అది ఆగలేదు.

"ఏందమ్మా, ఫస్టున పాసైనావు గదా?"

"జీవమ్మ నా పేరు రాసింది నాయనా. నాకే రాయను రాదు."

నరసింహమ్మగారు విసనకర్ర కింద పెట్టారు. పిల్లను బడిలో కూర్చోబెట్టి నేర్పమన్నది సీతాలక్ష్మి. లక్ష్మీనరసింహంగారు గొంతు సవరించుకుని నిబంధనలు వివరించారు. అయిదు పాసైన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. అయిదేండ్ల బండారమూ బయట పడుతుంది. ఉద్యోగం పోతుంది. పేరు కొట్టేద్దామంటే కారణం రాయాలి.

సీతాలక్ష్మి కూతురి ముక్కు తుడుస్తూ అడిగింది. "పోయినేడు ఏడుగురు ఆడపిల్లల పేర్లు కొట్టేసినారే, ఏం కారణం రాసినారు?"

"వివాహము."

"వాళ్లకు ఏండ్లెన్ని?"

"తొమ్మిది, పది."

"ఎవరన్నా సంజాయిషీ అడిగినారా?"

లక్ష్మీనరసింహంగారు నిజాయితీగా జ్ఞాపకం చేసుకున్నారు. పద్నాలుగేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయరాదని చట్టం వచ్చి పదమూడేండ్లయింది. ఆ చట్టం పుస్తకమూ, ఈ రిజిస్టరు నకలూ ఒకే కచేరీలో ఒకే బీరువాలో ఉంటాయి. ఆ ఏడు పేర్లను ముగ్గురు అధికారులు చూశారు. ముగ్గురూ ఎర్రసిరాతో 'సరి' అని టిక్కు పెట్టారు.

"లేదు" అన్నారు.

సీతాలక్ష్మి లేచి చెంగు దోపుకుంది. గొంతు పెంచకుండా, అత్తగారికీ భర్తకూ కూతురికీ వినబడేటట్టు చెప్పింది.

"అయితే రిజిస్టరులో ఉండే వకుళకు ఈ మాపటికి పెండ్లి చేసేయండి. ఇంట్లో ఉండే వకుళ రేపు పొద్దున ఒకటో తరగతికి వస్తాంది."