చైర్మన్ గారి తరఫున

"దునియాల సైకిల్ పందేలన్నీ డోపింగ్‌తోని ఖరాబైనయ్. బోధన్ గడ్డ మీద మాత్రం కానియ్య. రాసుకోన్రి!"

చెరకు పునరుజ్జీవన సలహా మండలి చైర్మన్ రాజమల్లు గారు నిజామాబాద్‌లో విలేకరుల ముందు ఇలా గర్జించినప్పుడు నా ఒళ్లు పులకరించింది. నా పేరు రంజిత్. రంజిత్ సౌండ్స్ నాదే. ఈ జిల్లాలో చైర్మన్ గారు ఏం మాట్లాడినా నా మైకులోంచే మాట్లాడతారు. కాబట్టి ఆయన గొప్పతనం అందరికన్నా ముందు నాకే వినబడుతుంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయిందని మీకు తెలుసు. ఫ్యాక్టరీ లేకపోయినా దానికొక మండలి ఉండటం, మండలికి చైర్మన్ ఉండటం, చైర్మన్‌కు కారు ఉండటం ఎంత ముందుచూపో ఆలోచించండి. రేపు ఫ్యాక్టరీ తెరిస్తే కారు కోసం వెతుక్కోనక్కర్లేదు.

పందెం వివరాలు కూడా ఆయనే చెప్పారు. మూతబడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై, నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డులో ముగుస్తుంది. మొదట వచ్చినవారికి అక్కడికక్కడే, జనం ముందే డోప్ టెస్టు. పాసైతే హైదరాబాద్‌లో రాష్ట్ర సైక్లింగ్ శిక్షణ శిబిరంలో సీటు. రెండో బహుమతి హాట్ బాక్స్.

"సార్, డోపింగ్ అంటే ఏంది?" అని ఒక విలేకరి అడిగాడు.

"మన దగ్గర లేనిది."

"ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తరు సార్?"

"గదీ మన దగ్గర లేనిదే. ముందు క్రీడల గురించి అడుగున్రి."

నాకు సైకిల్ పందేలంటే పిచ్చి. ఏటా వర్షాలు మొదలయ్యే రోజుల్లో విదేశాల్లో జరిగే పెద్ద పందేన్ని ఫోన్‌లో చూస్తూ అన్నం కూడా మరిచిపోతాను. కొండలెక్కే ఒక వీరుడి ఫొటోను నా ఆంప్లిఫయర్ మీద అంటించుకున్నాను కూడా. మొన్న వాడు బలం పెంచే మందు వాడి దొరికిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్లు నేను కొట్టిన చప్పట్లు ఎవరికి కొట్టినట్టు? వాడికా, ఇంజెక్షన్‌కా? ఈ బాధను ఒకసారి చైర్మన్ గారి దగ్గర వెళ్లబోసుకుంటే ఆయన నా భుజం తట్టి, "సప్పట్లు కొట్టుడు నీ డ్యూటీ. ఎవలకని సోంచాయించుడు నీ డ్యూటీ కాదు" అన్నారు. అంత సూటిగా చెప్పగల నాయకులు తక్కువ.

పేర్లిచ్చినవాళ్లలో కోటగిరి అమ్మాయి దీవెన ఉంది. రోజూ కోటగిరి నుంచి బోధన్ డిగ్రీ కాలేజీకి సైకిల్ మీదే వస్తుంది. బస్సు తప్పిపోయిన వాళ్లను చూశాను గాని, బస్సునే దాటిపోయిన పిల్లను ఈమెనొక్కదాన్నే చూశాను. తల్లి లిడియా హాస్టల్లో వంట చేస్తుంది. పోయినేడు సెలెక్షన్లకు దీవెన పోతే, సీట్లన్నీ పెద్దల మాట మీద ముందే నిండిపోయాయి. ఈసారి కూడా సీటు రాకపోతే సైకిల్ అమ్మేసి కుట్టుమిషన్ నేర్చుకుంటానని తల్లికి మాటిచ్చిందట. పిల్లకు మిగిలింది ఈ ఒక్క పందెమే.

పందేనికి రెండు రోజుల ముందు ఇంకో శుభవార్త వచ్చింది. చైర్మన్ గారు స్వయంగా సైకిల్ తొక్కుతారట.

"అన్నకు యాభై ఆరేండ్లు గద, గెలిస్తే శిబిరానికి పోతడా?" అని కాశయ్యను అడిగాను. కాశయ్య చైర్మన్ గారి ముఖ్య అనుచరుడు.

"అన్న ఎందుకు పోతడు? అన్న తరఫున అన్న మేనల్లుడు చిన్ను పోతడు."

"చిన్నుకు సైకిల్ వస్తదా?"

"ఎక్కితే కండ్లు తిరుగుతయంటడు. గందుకే గద శిక్షణ!"

ఈ 'తరఫున' అనే మాట గురించి చెప్పాలి. మన చైర్మన్ గారు అధికారం చేతుల్లో పెట్టుకునే మనిషి కాదు, అన్నీ పంచేస్తారు. ఫ్యాక్టరీ కోసం ఆయన చేసిన ఆమరణ దీక్షలో ఆయన తరఫున కాశయ్య ఆకలితో ఉన్నాడు. పుట్టినరోజున ఆయన చేసిన రక్తదానంలో రక్తం కాశయ్యది. ఆయన తిరుపతి మొక్కుకు గుండు కాశయ్యది. కొండ దిగి వచ్చాక పూలదండ మాత్రం చైర్మన్ గారే స్వయంగా మోశారు.

పందెం రోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర జాతరలా ఉంది. హైదరాబాద్ నుంచి డాక్టర్ పుష్పలత టెస్టు పెట్టెతో వచ్చారు. ఆమె చైర్మన్ గారి కొత్త సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, మధ్య గొట్టం మీద వేలితో కొట్టి చూశారు.

"ఇందులో మోటారు ఉందా?"

"ఉంది మేడం" అన్నాడు కాశయ్య, దాచాల్సిన అవసరం ఏముందన్నట్టు. "అయితే ఏంది? మీరు టెస్టు చేసేది ఒంటికి పోసుడు. సైకిల్ పోస్తదా?"

డాక్టరమ్మ రూల్సు తీసి చూశారు. మనుషులకు టెస్టు ఉంది. సైకిళ్ల మాటే లేదు.

"ఈ రూల్సు ఎవరు రాశారు?"

"అన్న తరఫున నేనే."

లిడియా కూతురి తల మీద చెయ్యి పెట్టి గేటు పక్కన కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. "ప్రభువా, నా బిడ్డకు బలమియ్యి. మోటారు వద్దు" అనడం నాకు వినబడింది. జెండా ఊగింది.

నేను ముందు జీపులో మైకు పట్టుకుని కూర్చున్నాను, కాశయ్య నా పక్కన. దారిలో ఒకచోట కల్లు దుకాణం కనబడగానే జీపు ఆపించి రోజువారీ అలవాటు ప్రకారం రెండు సీసాలు దించాడు. కాసేపటికే నా భుజం మీద తల పెట్టి గుర్రుపెట్టాడు. "ప్రజల మనిషి, పెడల్ మీద ప్రగతి, మన రాజమల్లన్న!" అని నేను మైకులో పొగుడుతూనే ఉన్నాను. అన్న మాత్రం వెనక ఎక్కడో దండలు వేయించుకుంటున్నారు.

ఎడపల్లి దాటేసరికి దీవెన అందరికన్నా ముందుంది. సీటు మీంచి లేచి, నడుం వంచి, ఎదురుగాలిలో తొక్కుతోంది. మోకాళ్లు మిషన్ లాగా ఆడుతున్నాయి. రోడ్డు పక్కన వరినాట్లు వేసే ఆడవాళ్లు బురద చేతులతోనే గట్టు మీదికొచ్చి కేకలు పెట్టారు. ఏమైందో ఏమో, నా నోరు నా మాట వినలేదు.

"ఒత్తు బిడ్డా! ఒత్తు! శెభాష్ దీవెనా, ఒత్తూ!"

నాలుగు స్పీకర్లూ అదిరిపోయాయి. కాశయ్య ఉలిక్కిపడి లేచి నా తొడ మీద గట్టిగా గిచ్చాడు. "ఎవల పైసలతోని కొన్నవ్‌రా గా మైకు?" అన్నాడు. నేను వెంటనే ప్రజల మనిషి దగ్గరికి వచ్చేశాను.

నిజామాబాద్ పొలిమేరలో చైర్మన్ గారు మమ్మల్ని అందుకున్నారు. ఎంత మహానుభావుడో చూడండి. రెండు కాళ్లూ పెడళ్ల మీద కదలకుండా పెట్టి, రెండు చేతులూ జోడించి కుడివైపు ప్రజలకు ఒకసారి, ఎడమవైపు ప్రజలకు ఒకసారి దండం పెడుతూ దీవెనను దాటిపోయారు. ఒక్క చెమట చుక్క లేదు. యార్డులో గీత దాటాక కూడా సైకిల్ ఆగనంటే నలుగురు కార్యకర్తలు పట్టుకుని ఆపారు. వెనకాలే వచ్చిన దీవెన సైకిల్ దిగి, హ్యాండిల్ మీద తల ఆనించి అలాగే ఉండిపోయింది. లిడియా కొంగుతో పిల్ల మొహం తుడిచింది. ఎవరో అప్పటికే హాట్ బాక్స్ తెచ్చి వాళ్ల పక్కన పెట్టారు. దాన్ని చూడలేక నేను అటు తిరిగాను.

ఇక టెస్టు. స్టేజీ వెనక యార్డు బాత్రూం ఉంది. మూత్రం నమూనా ఇచ్చే మనిషిని కళ్లారా చూడటానికి డాక్టరమ్మ ఒక అటెండరును పంపారు. కాశయ్య అతన్ని తలుపు దగ్గరే ఆపి, మెడలో దండ వేసి, శాలువా కప్పి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. సన్మానం జరుగుతుంటే మధ్యలో లేచిపోతే బాగుండదు కదా, పాపం అటెండరు కూర్చుండిపోయాడు. నేను వైరు సరిచేస్తూ అక్కడే ఉన్నాను.

చైర్మన్ గారు నమూనా సీసాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కాశయ్యా, గిది నేనే నింపాల్నా?"

"గదేం మాటనే అన్నా! నేను సచ్చిన్నా?" అని కాశయ్య సీసా లాక్కుని లోపలికి పోయాడు.

ఒక్క నిజం చెబుతాను. చైర్మన్ గారు మందు ముట్టరు, కల్లు తాగరు, తలనొప్పికి కూడా గోలీ వేసుకోరు. ఆ సీసా తన చేత్తో నింపుకుని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది, చిన్ను హైదరాబాద్‌లో కళ్లు తిరిగి పడేవాడు. కానీ అలవాటు కదా.

డాక్టరమ్మ జనం ముందే సీసాలో టెస్టు పట్టీ ముంచారు. కాసేపు చూసి నా మైకు అడిగి తీసుకున్నారు.

"ఈ నమూనాలో నిద్రమందు ఉంది. బాగా ఉంది. నాకు అర్థం కానిది ఒకటే. ఇంత మోతాదుతో మనిషి కూర్చోవడమే కష్టం. ఈయన మొదటి స్థానం ఎలా తెచ్చుకున్నారు?"

ముందు వరుసలో ఉన్న హన్మవ్వ అనే ముసలామె లేచింది. "గది కల్తీ కల్లుల కలిపేది అవ్వా! మా దిక్కు దండిగ దొరుకుతది. పాపం, నీకు దెల్వదా?"

జనం గొల్లుమన్నారు. కాశయ్య ఒక్క ఉదుటున వచ్చి మైకు గుంజుకున్నాడు.

"గా ఉచ్చ అన్నది కాదు! నాది!"

కార్యకర్తలు అలవాటుగా చప్పట్లు కొట్టి, తర్వాత ఆలోచించుకుని ఆపేశారు.

"అంటే నమూనా మార్చారా? అది ఇంకా పెద్ద నేరం" అన్నారు డాక్టరమ్మ.

అంతటి క్లిష్ట సమయంలోనూ కాశయ్య బుర్ర పనిచేయడం చూసి నాకు ముచ్చటేసింది.

"మార్చలే మేడం! సైకిల్ తొక్కింది సుత నేనే. అన్న తరఫున!"

"మరి మాకు దండం పెట్టిందెవలు?" అని ఎవరో అరిచారు.

"గా దండం సుత అన్న తరఫున నేనే పెట్టిన! నమ్మకపోతే రంజితన్నను అడుగున్రి."

యార్డంతా నా వైపు తిరిగింది. మైకు నా చేతికొచ్చింది. దీవెన తల ఎత్తి చూస్తోంది.

"దారి పొడుగునా కాశయ్య నా పక్కనే జీపుల ఉండె" అన్నాను. "నా భుజం మీద నిద్రపోయిండు. సైకిల్ మీద సుత ఉన్ననంటుండు, ఉండొచ్చు. అన్న తరఫున ఆయన ఎన్ని జాగలల్ల అయినా ఉంటడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకున్నారు. "నాకు ఇందులో తేల్చాల్సింది ఏమీ లేదు. మూత్రం ఈయనదైతే మందు ఉంది. ఈయనది కాకపోతే మనిషి మారాడు. ఎట్లా చూసినా గెలుపు చెల్లదు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయిని పిలవండి. ఆమె కూడా టెస్టు ఇవ్వాలి."

దీవెన స్టేజీ ఎక్కింది. డాక్టరమ్మ కొత్త సీసా తీయగానే కాశయ్య మర్యాదగా చెయ్యి చాపాడు.

"అలసిపోయినవ్ బిడ్డా, నువ్వు కూసో. నీ తరఫున నేనిస్త."

"వద్దు కాకా!" దీవెన సీసాను రెండు చేతులతో ఛాతీకి హత్తుకుంది. "నాది నేనే ఇచ్చుకుంట."

ఈసారి డాక్టరమ్మే వెంట వెళ్లారు. తిరిగొచ్చి పట్టీ ముంచారు. అంతమంది జనం ఒక సీసా వైపు ఊపిరి బిగబట్టి చూడటం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ తల ఊపి నా మైకు వైపు చూపించారు, నువ్వే చెప్పు అన్నట్టు.

"ఏం లేదూ!" అని అరిచాను. "పిల్ల ఒంట్ల ఏం మందు లేదు! నీళ్లు, చెమట, గంతే! మన కోటగిరి దీవెన ఫస్టు! శిబిరం సీటు దీవెనది!"

ఎన్నో సభల్లో ఎందరినో పొగిడాను గాని, ఒక మనిషి మూత్రం గురించి ఇంత గర్వంగా ఎన్నడూ చెప్పలేదు. ఎడపల్లి దగ్గర నోరు జారి కొట్టిన కేక వృథా పోలేదని తెలిసి కళ్లు తుడుచుకున్నాను. లిడియా కూతుర్ని వాటేసుకుంది. హన్మవ్వ స్టేజీ ఎక్కి పిల్లకు మెటికలు విరిచింది. అందరికన్నా ఎక్కువ ఈలలు వేసింది చిన్ను. "బతికిన" అంటూ వాడు హాట్ బాక్స్‌ను తీసుకెళ్లి మూడో స్థానంలో వచ్చిన పిల్లాడికి తానే ఇచ్చాడు. జనం దీవెనను సైకిల్‌తో సహా ఎత్తుకుని డప్పులతో రోడ్డు మీదికి పోయారు. కార్యకర్తలు కూడా డప్పు వినబడగానే వెనకే పోయారు.

యార్డులో మాతోపాటు ఒక విలేకరి మాత్రం మిగిలాడు.

"కాశయ్యన్నా, సైకిల్ తొక్కింది నువ్వు, దండం పెట్టింది నువ్వు, సీసా నీది. మరి గంతసేపు చైర్మన్ గారు యాడున్నరు?"

"ఫ్యాక్టరీల ఉండె. తెరిచే పని మీద."

"గేటుకు తాళం ఉంది గద? పొద్దుగాల పందెం ఆడ్నే షురువైంది, నేను సూసిన."

"అన్న తరఫున..." అని మొదలుపెట్టి కాశయ్య చుట్టూ చూశాడు. ఫలానా అని పేరు చెప్పుకోవడానికి ఒక్క కార్యకర్త మిగల్లేదు. అతను మెల్లగా డప్పుల వైపు నడిచాడు. విలేకరి రాసుకుంటూ అతని వెంట పోయాడు.

స్టేజీ మీద ఖాళీ కుర్చీల మధ్య చైర్మన్ గారు, కింద వైర్లు చుట్టుకుంటూ నేను మిగిలాం. ఆయన దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నా చెవి దగ్గరికి వంగారు.

"రంజితూ, నువ్వు పొద్దటిసంది అన్నీ సూస్తనే ఉన్నవ్ గద. నిజం చెప్పు. మరి నేను యాడున్నరా?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.