నడినెత్తిన శిరోధార

దేవుడి దగ్గర ఏ పనైనా తథాస్తుతో అయిపోతుంది. కార్యాలయంలో దరఖాస్తుతో ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్యా నలిగేవాణ్ణే శాస్త్రం భక్తుడంది. (ఏ శాస్త్రమని అడగకండి, దానికి వేరే ఫారం ఉంది.)

ఆ చిన్న శివాలయానికి ఒక గర్భగుడి, నాలుగు స్తంభాల మండపం, చెవి విరిగిన నంది, కప్పులో ఓ కన్నం ఉన్నాయి. వాన వస్తే ఆ నీళ్లు శివుడి మీద పడవు. పడితే అభిషేకమని సరిపెట్టుకోవచ్చు. సరిగ్గా పూజారి నడినెత్తిన పడతాయి.

"గంగ ఆయన నెత్తినుండాలి గానీ మీ నెత్తినేంటండీ? కాస్త పక్కకి జరిగి కూర్చోరాదూ?" అంది భార్య, తుండుతో ఆయన తల తుడుస్తూ.

"ఎటు జరగనే? అటు స్తంభం, ఇటు నంది. జరిగితే స్వామి కనబడడు."

నిజానికి రెండు ఇటుక ముక్కలు, పిడికెడు సున్నం పెడితే అరపూట పని. కానీ పాత గుడి కాబట్టి పురాతన కట్టడాల కార్యాలయం అనుమతి కావాలి. వాళ్ల మొదటి నిబంధన: చరిత్ర తేలనిదే మరమ్మతు లేదు. కప్పు కారుతోందని పూజారి మొరపెట్టుకుంటే గుమాస్తా ఓ కప్పు టీ ఇచ్చి కూర్చోబెట్టి, యాప్ తెరిచాడు.

"దేవుడు వెలసిన తేదీ?"

"ఆది లేనివాడండీ ఆయన."

"ఆది లేదా? పోనీ సోమవారం పెట్టనా?"

పూజారిది జపం, కార్యాలయానిది జాప్యం. రెండూ నిష్ఠగా సాగాయి. మూడో నెలలో, ముసురు పట్టిన ఒక ఉదయాన, కొలతల అధికారి టేపు పట్టుకుని గుడికి వచ్చాడు.

"ఎవరు కట్టించారు?"

"మా తాతగారు చెప్పేవారు సార్, తనకీ తెలీదని."

'తరతరాలుగా మౌఖిక సంప్రదాయం కలదు' అని అధికారి రాసుకున్నాడు. తర్వాత నంది చుట్టూ మూడుసార్లు తిరిగాడు. (ప్రదక్షిణం కాదు, టేపు చిక్కుపడింది.)

"ఏకకర్ణ శైలి! చాలా అరుదు."

"అది మా బావమరిది సున్నం వేస్తుంటే నిచ్చెన తగిలి విరిగింది సార్."

"మీ బావమరిది ఏ వంశం?"

"మా ఆవిడ వంశమే."

అధికారి జాబితా పైకీ కిందికీ జరిపి చూశాడు. "రాజవంశాల్లో కనబడట్లేదే. 'ఇతరములు' పెడతా."

అంతలో వాన అందుకుంది. టప్ మని పూజారి నెత్తిన చుక్క పడింది. హమ్మయ్య, కళ్లారా చూశాడు కదా, ఇక పని అయినట్టే అనుకున్నాడు పూజారి. అధికారి కన్నం నుంచి ఆయన తల దాకా టేపు వేలాడదీసి, కళ్లు పెద్దవి చేశాడు.

"నూలుపోగంత తేడా లేదు! పూర్వీకుల లెక్క చూశారా?"

"లెక్క కాదు సార్, కన్నం."

"తప్పు, అలా అనకండి. దీన్ని శిరోధార అంటారు."

నలభై రోజులకు ఉత్తరం వచ్చింది. 'శిరోధారా రంధ్రం' రక్షిత కట్టడమట. మూసినా, చిన్నది చేసినా, చిరాకుగా చూసినా నేరమట. పూజారి కార్యాలయంలో ఆ కొలతల అధికారి దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, రోజూ తడిసి ముద్దవుతున్నాను. పోనీ గొడుగు వేసుకోనా?"

"గుళ్లో గొడుగు తెరిస్తే అదనపు అంతస్తు కింద లెక్క, ప్లాను గీయించాలి. అవునూ, మీరు గుళ్లో ఎన్నాళ్లనుంచి ఉన్నారు?"

"పాతికేళ్లు."

"కన్నం?"

పూజారి అబద్ధమాడే రకం కాదు. "మా తాతగారి నాటికే ఉంది."

"చూశారా! అది మూలం, మీరు తర్వాతి చేర్పు," అంటూ అధికారి ఎంతో గౌరవంగా తుది జాబితా ఆయన ముందుకు జరిపాడు. పూజారి కళ్లజోడు తుడుచుకుని చదివాడు. లింగం, ఒకటి, పదిలం. స్తంభాలు, నాలుగు, పదిలం. రంధ్రం, ఒకటి, అత్యంత పదిలం. అన్నిటికన్నా కింద ఇలా ఉంది:

'పూజారి, ఒకటి. చెమ్మ పట్టినది. ధారకు అడ్డముగా ఉన్నందున తొలగించవచ్చును.'