బాగున్నానన్న పాపానికి

మనుషులు కనిపెట్టిన వ్యవస్థలన్నిటిలోకీ ఎక్కువ ఆశ గలది దీర్ఘవ్యాధుల నిర్ధారణ కచేరీ. ఏ రోగమైనా ఏడాదిలో నయమైపోతుందని దాని గట్టి నమ్మకం. అందుకే ఇంకా నయం కాలేదని ఏటేటా రుజువు చూపించమంటుంది. (చిన్నప్పుడు కాలు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఏడాదికోసారి వచ్చి, కాలు ఇంకా మొలవలేదని చూపించి వెళ్తారు. అధికారులు ఓపికగా చూసి, ఈ ఏటికి ఇంతేనని సంతకం పెడతారు.)

కైరవాన్‌లో ఆ కచేరీ గేటుకు ఎదురుగా బల్ల వేసుకుని, జనానికి దరఖాస్తులు రాసిపెట్టడం నా వృత్తి. నా పేరు లమీన్. మా ఇంటి మొత్తానికి డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అమ్మ సాల్హా నన్ను కచేరీలో చూడాలనుకుంది. చూస్తూనే ఉంది, కాకపోతే గేటుకు ఇవతల.

నేనూ ఆ కచేరీ ఇచ్చే ఉచిత మందుల కార్డున్నవాణ్ణే. ఆరేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. అంతకుముందు ఊళ్లోని పసుపు టాక్సీలన్నీ తమ నంబర్లతో నాకు కబుర్లు పంపేవి. ఎవరు నన్ను కనిపెట్టి ఉన్నారో, ఏ వీధిలో అడుగు పెట్టకూడదో అవే చెప్పేవి. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకు టాక్సీలు నోరు మూసుకున్నాయి. ఇప్పుడు నేను చెయ్యెత్తినా ఆగకుండా పోతున్నాయి, అందరికీ పోయినట్టే. ఇది చాలా పెద్ద మేలు. వీధి దాటగలుగుతున్నాను, అమ్మ వండింది అనుమానించకుండా తింటున్నాను, పని చేసుకుంటున్నాను. ఈ మేలుతో ఒకటే చిక్కు. జరగడం మానేసిన దానికి జిరాక్సు తీసి ఫైలుకు జతచేయలేం.

మాత్ర తెచ్చే ఇబ్బందులు అలా కావు, ఎదురుగా కనిపిస్తాయి. ఇరవై రెండు కిలోలు పెరిగాను. పెళ్లిళ్లలో మా పిన్నులు నా బుగ్గలు పట్టుకుని, ఇన్నాళ్లకు మనిషివయ్యావని మెచ్చుకుంటారు. ఒకావిడైతే తన సన్నపాటి కూతురి కోసం ఆ మాత్ర పేరు అడిగింది. పొద్దున కళ్లు తెరుచుకోవడానికి గంట పడుతుంది. (కచేరీ వారు ఏడింటికే టోకెన్లు పంచేస్తారు. మగత తెచ్చే మందులు వాడేవారికి ప్రత్యేక వేళ ఒకటుంది, అది ఆరున్నర.) కుడిచెయ్యి కొద్దిగా వణుకుతుంది. దీనివల్ల నా గిరాకీ పెరిగింది. వణికిన అక్షరాలు చూస్తే అధికారికి జాలి పుడుతుందని జనం పక్క బల్లలు వదిలేసి నా దగ్గరికే వస్తారు.

ఈ ఏడాది పరీక్ష రోజున టోకెను సంపాదించి సంఘం ముందు కూర్చున్నాను. సంఘమంటే ముగ్గురు. అధ్యక్షుడు డాక్టర్ తిజానీ, పక్కన సంతకం పెట్టే ఒక సభ్యుడు, సెలవులో ఉండే ఇంకొక సభ్యుడు. డాక్టర్ తిజానీ నా ఫైలు తెరవబోతూ, మర్యాదకు, ఎలా ఉన్నావు నాయనా అన్నాడు.

నేను కూడా మర్యాదకే, బాగున్నాను, హమ్దుల్లా అన్నాను.

మా ఊళ్లో ఈ ప్రశ్నకు వేరే జవాబు లేదు. మా తాతను ఆఖరి రోజున ఎలా ఉన్నావని అడిగితే బాగున్నాను, హమ్దుల్లా అని, గంటలో పోయాడు. వేలు తెగిన కసాయి, తెగిన వేలు రెండో చేత్తో పట్టుకుని ఇదే మాటన్నాడు. దేవుడి పేరు తలుచుకుని బాగున్నాననాలి, ఆ తర్వాత కావాలంటే ఏడవొచ్చు. కాని సంఘం ముందు 'ఆ తర్వాత' అనేది లేదు. డాక్టర్ తిజానీ ఫైలు తెరవకుండానే ఏదో రాసుకున్నాడు.

వారం తర్వాత కాగితం వచ్చింది. రోగి తాను బాగున్నట్టు సంఘం ఎదుట స్వయంగా ప్రకటించినందున కార్డు రద్దు చేయడమైనది. కింద ముద్ర. ముద్ర కింద, అభినందనలు.

అప్పటికి నా దగ్గర పదకొండు మాత్రలున్నాయి. కార్డు లేకుండా వాటిని కొనుక్కోవడం మా ఇంటి తరం కాదు. రెండేళ్ల కిందట మందు దొరక్క పది రోజులు ఆగిపోతే టాక్సీలు మళ్లీ మొదలుపెట్టాయి. సూసా వెళ్లే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తూ దొరికాను. నన్ను ఇంటికి చేర్చింది కూడా టాక్సీయే. దాని నంబరు మీద నాకు గురి కుదరక నలుగురు పట్టి ఎక్కించాల్సి వచ్చింది. ఆ రోజు గురించి అమ్మ ఇప్పటికీ మాట్లాడదు. నా చెప్పులు మాత్రం రోజూ గుమ్మం లోపల పెట్టి, వాటి ముందు తన పీట వేసుకుని కూర్చుంటుంది.

పునఃపరిశీలనకు దరఖాస్తు నేనే రాసుకున్నాను. నా వృత్తిలో అంత మంచి దరఖాస్తు మరొకటి రాయలేదు. కిటికీ దగ్గర గుమాస్తా సీ ఖమీస్ (సీ అంటే మా వైపు గారు) దాన్ని అందుకున్నాడు. రోజూ నా బల్ల దగ్గరే నిలబడి టీ తాగే మనిషి. పాత ఫైలు తీసి పక్కన పెట్టుకుని, రెండు సంతకాలూ చాలాసేపు పోల్చి చూశాడు.

"ఈ సంతకం నీది కాదురా."

"నాదే, సీ ఖమీస్. చెయ్యి వణుకుతోంది."

"ఎందుకు వణుకుతోంది?"

"మాత్రల వల్ల."

"మాత్రలు ఎవరివి? లమీన్‌వి. లమీన్‌కు నయమైపోయింది, కాగితం నేనే పంపాను. నీ సంతకం లమీన్‌ది కాదు, ఫొటోలో ఉన్న సన్నటి మనిషివీ నువ్వు కాదు. మరి ఆయన మాత్రలతో నీకేం పని?"

నేను లమీన్‌నని ఆయనకు తెలియదా అని మెల్లగా అడిగాను.

"నాకు తెలుసురా బాబూ. నిన్న నీ బల్ల దగ్గర టీ తాగిందెవరు? కాని నాకు తెలిసినట్టు ఫైల్లో లేదు."

ఈ విధంగా కచేరీ ఒకే ఫైలులో రెండు నిర్ణయాలు చేసింది. లమీన్‌కు జబ్బు లేదు. జబ్బున్నవాడు లమీన్ కాదు. రెండింటికీ వేర్వేరు నంబర్లు వేశారు.

ఫలానా వ్యక్తి ఫలానావాడే అని ధ్రువీకరించే ఫారం ఒకటుంది, దానికి సాక్షి కావాలి. మర్నాడు అమ్మను తీసుకెళ్లాను. వీణ్ణి కన్నది నేనే అంది అమ్మ.

సీ ఖమీస్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "కన్నప్పుడు ఇంత లేడు కదమ్మా."

"నువ్వూ లేవు ఖమీస్. మీ అమ్మకు పురుడు పోసినప్పుడు నేనక్కడే ఉన్నాను, పిడికెడంత ఉన్నావు. ఆ కుర్చీలో ఉన్నది నువ్వేనని నీకెవరు సాక్ష్యం?"

సీ ఖమీస్ ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచనలోనే ముద్ర వేసేశాడు. వచ్చే వారానికి సంఘం ముందుకు రమ్మన్నారు. మాత్రలు తొమ్మిది ఉన్నాయి.

నాకు మందు రాసే డాక్టరమ్మ జలీలా నా చేతి వణుకు చూసింది, బరువు చూసింది, మోతాదు కొంచెం సర్దుదామంది. తర్వాత అసలు వైద్యం చెప్పింది. సంఘం వాళ్లు ఎలా ఉన్నావని అడిగితే బాగాలేనని చెప్పు, ఒక్కమాట, అంతే.

ఇంట్లో సాధన మొదలుపెట్టాం. ప్రశ్న అమ్మ అడగాలి, జవాబు నేను చెప్పాలి. అమ్మ ఎలా ఉన్నావురా అనేది, నేను బాగున్నాను, హమ్దుల్లా అనేసేవాణ్ణి. మూడో రోజున ఎలాగో నోరు పెగిలి, బాగాలేను అన్నాను. అమ్మ ముఖం వాడిపోయింది.

"అలా అనకురా. దేవుడు వింటాడు."

సాధన ఆపి ఇద్దరం మక్రూద్ తిన్నాం. అమ్మ రెండు తింది, నేను తొమ్మిది. (ఆకలిని మాత్రల పొట్లం మీద ఇబ్బందుల జాబితాలో నాలుగోదిగా వేశారు. ఖర్జూరం పెట్టి నేతిలో వేయించిన మక్రూద్ ఎదురుగా ఉన్నప్పుడు అది మొదటిది.)

సంఘం కూర్చున్న రోజుకి మూడు మాత్రలున్నాయి. డాక్టర్ తిజానీ నన్ను చూసి, ఏమీ గుర్తులేని మర్యాదతో, ఎలా ఉన్నావు నాయనా అన్నాడు. ఆయన ముందున్న ఫారంలో రెండే గడులున్నాయి, బాగున్నాడు, బాగాలేడు. వెనకాల కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. నాలిక అలవాటు కొద్దీ 'బాగు' దాకా వెళ్లింది. గుమ్మం లోపలి చెప్పులు గుర్తొచ్చాయి.

"బాగాలేను డాక్టరు గారూ," అన్నాను. "మాత్ర వేసుకుంటే బాగుంటాను. లేకపోతే ఉండను."

డాక్టర్ తిజానీ కలం కింద పెట్టేశాడు. సంతకం పెట్టే సభ్యుడు నిద్రలోంచి లేచి, ఏమైందని అడిగాడు.

"ఇరవై ఆరేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను," అన్నాడు డాక్టర్ తిజానీ. "కాళ్లు తీసేసినవాళ్లొచ్చారు, గుండె కోయించుకున్నవాళ్లొచ్చారు. ఒక్కరు కూడా ఈ మాట అనలేదు." ఆయన అమ్మవైపు తిరిగాడు. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతాడా తల్లీ?"

అమ్మ తల వంచుకుంది.

"ఈమధ్యనే మొదలైంది బాబూ."

డాక్టర్ తిజానీ జాలిగా తలూపి, చాలాసేపు రాశాడు. వచ్చేస్తూ అమ్మ, మర్యాద తప్పకూడదు కాబట్టి, మీరెలా ఉన్నారు బాబూ అని ఆయన్ని అడిగింది. పట్టేసిన నడుము మీద చెయ్యి వేసుకుని, కుర్చీలోంచి సగం లేచి, బాగున్నాను తల్లీ, హమ్దుల్లా అన్నాడాయన.

ఒక్క మాత్ర మిగిలి ఉండగా కార్డు వచ్చింది. సీ ఖమీస్ స్వయంగా నా బల్ల దగ్గరికి తెచ్చిచ్చి, టీ తాగి వెళ్లాడు. వ్యాధి లక్షణాలు అన్న గడిలో వణుకు లేదు, బరువు లేదు, టాక్సీల ఊసు లేదు. డాక్టర్ తిజానీ గుండ్రటి దస్తూరీలో ఒక్కటే ఉంది: ఎలా ఉన్నావని అడిగితే నిజం చెబుతున్నాడు. మందులు క్రమం తప్పకుండా వాడితే ఈ లక్షణం తగ్గగలదు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించవలెను.