చాక్లెట్ పుట్ట

వాగ్దేవి ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఐదింటికల్లా ఒక శ్మశానం తయారు చేసి గోపాల్‌పూర్‌లో దించాలి.

తినే శ్మశానమే. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఆ రోజు హాలోవీన్ పార్టీ. దయ్యాల వేషాలు కట్టి, ఒకరినొకరు చూసుకుని భయపడదామని కలకత్తా నుంచి నలభై మంది దిగారు. వాళ్ళ కోసం చాక్లెట్ కేకు పొడితో మట్టిదిబ్బ, దిబ్బకు కన్నాలు, కన్నాల్లోంచి తొంగిచూసే జెల్లీ పాములు, చుట్టూ బిస్కెట్ సమాధిరాళ్ళు. ఇది నచ్చితే శీతాకాలమంతా శనివారం మిఠాయిలు ఆమెకే అప్పగిస్తానని హోటల్ మేనేజర్ సుమిత్ మాటిచ్చాడు.

చిక్కల్లా, ఆ రోజే నాగుల చవితి.

బరంపురంలో వాళ్ళింట చవితి అంటే పొయ్యి వెలగదు, కత్తి లేవదు, మన్ను తవ్వరు. అత్తగారు బుజ్జమ్మ చీకటితోనే తలస్నానం చేసి, వీధి మొత్తానికీ సరిపడా పంచదార చలిమిడి ఒక బేసిన్లో, నల్ల నువ్వుల చిమ్మిలి ఇంకో బేసిన్లో కలిపి పెట్టింది. తర్వాత వంటింట్లోంచి వేడిగాలి తగిలి గుమ్మంలో ఆగిపోయింది.

"చవితి పూట ఈ సెగేటే, వాగ్దేవీ?"

"పొయ్యి కాదత్తయ్యా, ఓవెన్."

"మంట లేకుండానే ఉడికిపోతాదేటి?"

మామగారు వేణుగోపాలరావు రిటైరైన జీవశాస్త్రం మాస్టారు. ఇంట్లో తగువులకు పేపరు వెనక నుంచి తీర్పులు చెప్పడం ఆయన అలవాటు. "నిప్పుంటే పొయ్యి. అందులో ఉన్నది కరెంటు. కరెంటు సంగతి శాస్త్రంలో ఎక్కడా లేదు" అన్నాడు.

"మీ శాస్త్రం నిండా కప్పలే గదా, మీరూరుకోండి." బుజ్జమ్మ కోడలి వైపు తిరిగింది. "ఇదే ఆఖరు. ఈ ఆర్డరు గాని తప్పిందో, ఈ పెట్టె అటకెక్కుతాది. దీని జాగాలో నా పచ్చడి జాడీలు పెట్టుకుంటాను."

ఆ పెట్టె కోసం వాగ్దేవి ఆరేళ్ళు పోరాడింది. భర్త శరత్ చంద్ర సాయానికి రాలేదు. అతను భంజనగర్‌లో ఉద్యోగం వేయించుకున్నది అత్తాకోడళ్ళ మాటలు వినపడని దూరం చూసుకునే అని వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఆమె జాగ్రత్తగా ఒక అబద్ధం ఆడింది. చవితి పూట ఇంట్లో శ్మశానం అంటే ఓవెనే కాదు, తానూ అటకెక్కాల్సి వస్తుంది. "హోటలుకి కేకు" అని ఊరుకుంది. బుజ్జమ్మ జెల్లీ పాముల ప్యాకెట్టు తిప్పి చూసి, శాకాహారపు పచ్చ చుక్క కనబడ్డాక వదిలిపెట్టింది.

గుడ్డు వేయని కేకును కత్తి పట్టకుండా దారంతో కోసి, పొడి చేసి, పీట మీద మోకాలెత్తు దిబ్బ పేర్చి, కన్నాల్లో పాములు దూర్చేసరికి తొమ్మిదయింది. సమాధిరాళ్ళు ఫ్రిజ్‌లో ఆరుతున్నాయి. వాటిని ఆఖర్న గుచ్చాలి. దిబ్బ మీద పల్చటి గుడ్డ కప్పి, మిఠాయి కనుగుడ్లు కొనడానికి ఆమె బజారుకు వెళ్ళింది.

పదిన్నరకు తిరిగొస్తే బల్ల మీద దిబ్బ లేదు. పీట లేదు. పేపరు మాత్రం ఉంది, దాని వెనక మామగారూ ఉన్నారు.

"మావయ్యా, నా కేకేది?"

"పూజలో ఉందమ్మా."

ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు. వీధి చివర ఖాళీ స్థలంలో ఉన్న పుట్టకే ఏటా అందరూ పాలు పోస్తారు. తొమ్మిదిన్నరకు చేపలమ్మే కాసమ్మ బుజ్జమ్మ కోసం పరుగున వచ్చింది. "పంతులమ్మ గారండీ, పుట్ట నేదు. నిన్న జేసీబీ తెచ్చి సదును సేసీసినారు. ఇరవై మందిమి పాలు పట్టుకుని బయల్లో నిలబడున్నాం. ఇప్పుడేటి సేస్తాం సెప్పండి?" బుజ్జమ్మ గుండె పట్టుకుని కూర్చోబోయింది. కూర్చోబోతూ ఆసరాకు బల్ల పట్టుకుంటే, చేతికి గుడ్డ ఊడొచ్చింది. లోపల నల్లటి పుట్ట. కన్నం కన్నానికీ ఒక పాము.

"మరి మీరేం చెప్పలేదా?"

"చెబుదామనే నోరు తెరిచాను. మీ అత్తయ్య మాట్లాడుతుండగా నా నోట్లోంచి మాట బయటికి రావడం ఇంకా జరగలేదు."

వాగ్దేవి పరిగెత్తింది. ఖాళీ స్థలంలో ఆమె శ్మశానానికి పసుపు, కుంకుమ, బంతిపూలు. కాసమ్మ దాన్ని చేపల బుట్టలాగే తల మీద చుట్టకుదురు పెట్టుకుని చెక్కు చెదరకుండా మోసుకొచ్చిందట. ఇరవై మంది ఆడవాళ్ళు వరసలో నిలబడి కన్నాల్లో పాలు పోస్తున్నారు. దిబ్బ ఒక పక్కకు కుంగుతోంది.

"అత్తయ్యా, ఒక్క నిమిషం..."

బుజ్జమ్మ ఆమె చెయ్యి పట్టి ముందుకు లాగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. "ఇదిగో, నా కోడలు. పుట్ట పోయిందని నాకంటే ముందే తెలుసుకుంది. నాకొక్క ముక్క చెప్పనేదు. కత్తి పట్టకుండా, నిప్పు ముట్టించకుండా నాగేంద్రుడికి ఇల్లు కట్టింది. ఇలాటి కోడలు ఎవరింట ఉన్నాదో చెప్పండి."

వాగ్దేవి నోరు తెరిచింది. ఆరేళ్ళలో అత్తగారి నోట ఆమె విన్న పొగడ్త ఇంతవరకు ఒక్కటే: "పరవాలేదు, నీళ్ళు బాగానే కాగాయి." తెరిచిన నోరు మూసుకుని నమస్కారం పెట్టింది.

"నాగులు రబ్బరులాగున్నాయేటి, కోడలమ్మా?" కాసమ్మ వేలితో పొడిచి చూసింది.

"మెత్తటివేలే, కాసమ్మా."

"మెత్తగుంటేనే నయం. కరవవు."

పక్కింటి ఒడియా వాళ్ళ సస్మిత ఫోను ఎత్తిపట్టుకుంది. "భావుజా, భారి సుందర! చాలా బాగుంది వొదినా! ఫోటో గ్రూపులో పెట్టీసినాను, అందరూ వొస్తన్నారు." అందరూ నిజంగానే వచ్చారు. వెనక వీధి వాళ్ళు, బడి పక్క వీధి వాళ్ళు, చవితి చేసే అలవాటే లేని వాళ్ళు, చెంబుల్తో పాలు తెచ్చి పోశారు. పుట్టమన్ను చెవులకు రాసుకుంటే చెవిపోటు రాదని ఆనవాయితీ. తల్లులు పిల్లల చెవులకు చాక్లెట్ రాశారు. పిల్లలకు సంగతి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. కాసేపటికి వీధి వీధంతా ఒకరి చెవి ఒకరు నాకుతున్నారు. పన్నెండింటికి చీమలు కూడా దర్శనానికి వచ్చాయి.

ఒంటిగంటకు సుమిత్ ఫోను చేశాడు. "మేడమ్, ఐదింటికి గదా? గెస్టులు వొచ్చీసినారు. శ్మశానం పెద్దదే గదా?"

"చాలా పెద్దది" అంది వాగ్దేవి, ఖాళీ బల్ల వైపు చూస్తూ.

ఇంకో కేకుకు సరుకు లేదు, సమయం లేదు. ఇంట్లో ఉన్నవి బిస్కెట్ సమాధిరాళ్ళు, ఒక ప్యాకెట్టు కనుగుడ్లు, నైవేద్యానికి తీసిపెట్టగా మిగిలిన రెండు బేసిన్లు. ఆమె చలిమిడి ముద్ద తీసి అరచేతిలో నులిమింది. తెల్లగా, మెత్తగా, ఎలా చెబితే అలా వింటోంది. అప్రయత్నంగా ఒక వేలు తయారైంది. గోరు దగ్గర బాదం పలుకు గుచ్చింది.

పేపరు కిందికి దిగింది. "అమ్మా, అది బొటనవేలా?"

"అవును, మావయ్యా."

"బొటనవేలికి రెండే ఎముకలు. నువ్వు మూడు పెట్టావు. జరుగు."

ముప్పై ఏళ్ళు పిల్లలకు అస్థిపంజరం చెప్పిన మనిషి చొక్కా చేతులు మడిచాడు. మూడింటికి పది చేతులు, ఆరు పుర్రెలు, ఒక పూర్తి వెన్నెముక సిద్ధమయ్యాయి. నల్ల చిమ్మిలి పొడిగా నలిపి మట్టిగా పరిచారు. బుజ్జమ్మ పుట్ట దగ్గరే పెద్ద ముత్తయిదువగా కూర్చుని ఉండిపోయింది కాబట్టి వంటింటి వైపు ఎవరూ రాలేదు. వెన్నెముక పళ్ళేన్ని వేణుగోపాలరావు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కదలకుండా కూర్చున్నాడు. ప్రతి గతుకు దగ్గరా "పూస జారింది, నెమ్మదిగా పోనీయవయ్యా" అని డ్రైవరును బతిమాలాడు.

ఐదుకు రెండు నిమిషాలుండగా సుమిత్ పళ్ళెం మీది గుడ్డ తీశాడు. చూశాడు. వంగి వాసన చూశాడు.

"మేడమ్, ఇది చలిమిడి."

అది ప్రశ్న కాదు. సుమిత్‌ది గోపాల్‌పూర్‌లో తెలుగు జాలర్ల పేటే. కలకత్తా వాళ్ళను మోసం చేయొచ్చు, ఇతన్ని చేయలేం. శనివారాలు, ఓవెన్, పచ్చడి జాడీలు, అన్నీ వాగ్దేవి కళ్ళ ముందు తిరిగాయి.

"అవును" అంది. "కేకుకి... పాలు ఎక్కువయ్యాయి."

"మా అమ్మ నాచేత ఉపాసం సేయించింది. పొద్దున్నించి మంచినీళ్ళే. పుట్టకెల్దామంటే లీవు దొరకనేదు." అతను గొంతు తగ్గించాడు. "నాగేంద్రుడికి ఇందులోంచి పెట్టీసినారా?"

"పొద్దున్నే పెట్టారు."

సుమిత్ బొటనవేలు నోట్లో వేసుకున్నాడు. తర్వాత చూపుడువేలు. మూడో వేలి దగ్గర పిశాచి వేషంలో ఉన్న ఒకావిడ వచ్చి, మేనేజరు మనిషి చెయ్యి తింటున్నాడని కేక పెట్టి, ఆనందంతో ఒక పుర్రె ఎత్తుకుపోయింది. అరగంటలో శ్మశానం ఖాళీ.

"ప్రతి శనివారం ఇదే కావాల" అన్నాడు సుమిత్. "కేకు ఎక్కడైనా దొరుకుతాది మేడమ్. ఇలాటి ఎముకలు దొరకవు."

ఇంట్లో బుజ్జమ్మ ఖాళీ బేసిన్ పక్కన నిలబడి ఉంది. వాగ్దేవి మొదటి నుంచీ అంతా చెప్పేసింది, శ్మశానంతో సహా. బుజ్జమ్మ బేసిన్ వంచి అడుగు చూసింది.

"నలభై మందీ తిన్నారా?" అని అడిగింది.

"తిన్నారు."

"మిగిల్చారా?"

"వేళ్ళు కూడా నాకారు, అత్తయ్యా. వాళ్ళ వేళ్ళు."

"పంచదార సరిపోయిందన్నారా?"

"సరిపోయిందన్నారు."

బుజ్జమ్మ మొహంలో ఏదో సర్దుకుంది. శనివారం చలిమిడి తనే కలుపుతానంది. పుర్రెలకు పళ్ళు మరీ పెద్దవిగా పెట్టొద్దని భర్తకు చెప్పింది. ఆ తర్వాత ఓవెన్ వైపు చూసింది. వచ్చే చవితికి తమకూ పుట్ట కావాలని సస్మిత గ్రూపులో అప్పటికే నాలుగు వీధుల వాళ్ళు పేర్లు రాయించుకున్నారు.

"శ్మశానమని నువ్వనుకున్నావు. మేం పూజ చేశాం, అది పుట్టే. పుట్టని చేసిన పెట్టె ఎంగిలి వంటింట్లో ఉండకూడదు" అంది.

అలా ఓవెన్ అటకెక్కలేదు. బుజ్జమ్మ మాట మీద నిలబడి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి గదిలోకి మార్పించింది. అది ఉన్నచోట ఇప్పుడు పచ్చడి జాడీలున్నాయి. రోజూ సాయంత్రం ఓవెన్ ముందు దీపం పెట్టే పని వాగ్దేవిది.